నొప్పి సున్నా

టాంపినీస్, సింగపూర్
12 జనవరి 2024

చెల్లీ మాలినీ,

నువ్వు పంపిన నిమ్మకాయ పచ్చడి చేరింది. బస్సులో సీసా మూత ఊడి, దాన్ని తెచ్చిన పిల్ల సంచీలోకి కొంత కారిందట, మొహం మాడ్చుకుని ఇచ్చిపోయింది. మిగిలినంతలో బాగుంది. ఉప్పు మాత్రం నీ చేతి ఉప్పే, అందరికంటే రెండు పాళ్లు ఎక్కువ.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటున్నావు కదా. మా ఫ్లాటు సంగతి నీకు తెలుసు. వంటింట్లో గుసగుసలాడినా పడగ్గదిలో వినిపిస్తుంది, మీ బావవి అసలే పాము చెవులు. ఆయన వినకూడని సంగతి చెప్పాలి. నీకేమో ఫోన్ పెట్టుకుంటే చెవి మిషన్ కూస్తుంది, ప్రతి మాటా మూడుసార్లు అరవాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు. నాన్న ఎస్టేటు కూలీ లైన్లలో సాయంత్రం పూట కూర్చోబెట్టి నేర్పిన ఈ తెలుగు అక్షరాలు ఇప్పుడు మనిద్దరికే వచ్చు. మీ బావకీ రావు, మావాడు హరిదాసుకీ రావు.

మీ బావ పెద్దపేగులో గడ్డ ఉంది. మంచి గడ్డ కాదు. ఎనిమిది నెలలుగా రక్తం పడుతోందట. మొలలనుకుని, సెరంగూన్‌లో కాండో అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర తనతో వాచ్‌మన్ డ్యూటీ చేసే ఆయన ఇచ్చిన చూర్ణం మింగుతూ కూర్చున్నారు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదండీ అంటే, "చెప్పేంత ఏటుందే" అన్నారు. తంజోంగ్ పగార్ ఓడరేవులో ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపినప్పుడు కూడా ఇంతే. వేలు నలిగి ఇంటికొచ్చి, చెయ్యి వెనక్కి పెట్టుకుని అన్నం పెట్టమన్న మనిషి. ఆయనకి గడ్డ అని మాత్రమే తెలుసు. ఏ గడ్డో ఆయన అడగలేదు, హరి చెప్పనివ్వలేదు.

ఆపరేషన్ 29న, సోమవారం. చెడ్డ ముక్క కోసి తీసేసి, పేగు రెండు కొసలూ కలిపి కుడతారట. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అంతా సవ్యంగా ఉంటే వారంలో ఇంటికి పంపిస్తామంది. షుగర్ ఉంది కాబట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ.

నువ్వు ముప్పై ఒక్క ఏళ్లు నర్సు పని చేసినదానివి. వార్డులో మేము ఎలా మసలుకోవాలో రాసి పంపు. మీ బావ సంగతి తెలుసుగా. ఇంకొంచెం అన్నం వెయ్యనా అంటే చాలంటారు, మూడోసారి అడిగితే గాని పళ్లెం ముందుకి జరపరు. ఆస్పత్రిలో మూడుసార్లు ఎవరడుగుతారే?

నాకు భయంగా ఉంది. హరి ముందు ధైర్యంగా తిరుగుతున్నాను, నీ దగ్గర దాచడం ఎందుకు.

నీ అక్క
పుష్పవల్లి

---

ఈపో, మలేషియా
19 జనవరి 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. తర్వాత నర్సు బుర్ర మేలుకుంది. ఏడవడం తర్వాత, ముందు పని చూద్దాం.

ఇలాంటి ఆపరేషన్లయిన వాళ్లని నేను మూడు ఊళ్ల ఆస్పత్రుల్లో వందల మందిని చూశాను. ఎక్కువమంది నడిచి ఇంటికి వెళ్లారు. మర్నాడే మంచం దిగి నడవాలి, బావ బద్ధకిస్తే నువ్వు ఊరుకోకు. ఊపిరి పీల్చే గొట్టం ఒకటి ఇస్తారు, గంటకోసారి గట్టిగా పీల్పించు. గోళ్లు కత్తిరించి పంపు. ఉంగరం తీసేసి నీ కొంగున ముడేసుకో.

ఇప్పుడు అసలు మాట. ఇది పుస్తకాల్లో రాయరు, నాలాంటిదే చెప్పాలి. వార్డులో మనవాళ్లకి ఒక పేరుంది. ఇండియన్ పేషెంటు అంటే గోల అని. చీమ కుట్టినా అమ్మా అయ్యో అంటారనీ, ఒక మంచం చుట్టూ పదిమంది చేరతారనీ. ఆ పేరు పడ్డ మనిషి గంట కొడితే నర్సు నిదానంగా లేస్తుంది. నేను కళ్లారా చూశాను. అదే నెమ్మదస్తుడైతే, "పాపం, ఆ అంకుల్ మంచివాడు" అని రెండుసార్లు అదనంగా చూస్తారు. కాబట్టి బావని గొణగొద్దని చెప్పు. నొప్పి ఎంత అని సున్నా నించి పది వరకు అంకె అడుగుతారు. ప్రాణం పోతున్నట్టు పది అనకూడదు. ఒకటో రెండో చెబితే చాలు. మందులు ఎలాగూ టైముకి ఇస్తారు. నువ్వూ కౌంటర్ దగ్గరికి పదేపదే వెళ్లకు. థాంక్యూ చెప్పు. ఒక డబ్బా బిస్కెట్లు తీసుకెళ్లి నర్సులకివ్వు.

బావకి ఇది చదివి వినిపించు. మరదలు చెప్పిందంటే నవ్వుతూ అయినా వింటారు.

ఉప్పు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నీ నాలుకే చప్పబడింది.

నీ చెల్లి
మాలిని

---

ఆస్పత్రి నుంచి
2 ఫిబ్రవరి 2024, శుక్రవారం

మాలినీ,

మీ బావ నిద్రపోతున్నారు, మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. మంగళవారం లేచి నిలబడ్డారు, బుధవారం కారిడార్ చివరిదాకా నడిచారు. నీ ఉత్తరం ఆపరేషన్ ముందురోజే చదివి వినిపించాను. "మీ చెల్లెలు పోలీసులో చేరాల్సింది" అన్నారు. అన్నారు కానీ అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నారు. నర్సు వచ్చి, "అంకుల్, పెయిన్ ఎంత?" అంటుంది. "జీరో, జీరో, థాంక్యూ" అంటారు. నువ్వు ఒకటో రెండో అనమంటే ఈయన సున్నా దగ్గరే ఆగిపోయారు. నర్సులందరికీ ఈయనంటే ఇష్టం. నిన్న ఒకమ్మాయి నాతో, మీవారిలాంటి పేషెంటు పదిమంది ఉంటే మా పని హాయి అంది. నాకు గర్వంగా అనిపించింది.

నువ్వు చెప్పింది ఎంత నిజమో పక్క మంచం చూస్తే తెలుస్తోంది. తమిళాయన, లారీ డ్రైవరు, ఈయనకి చేసిన ఆపరేషనే. పగలూ రాత్రీ "అయ్యో అమ్మా" అని ఒకటే మూలుగు. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లలో ఒకమ్మాయి మన ఇండియన్ పిల్లే, నాతో తమిళంలో, "మనవాళ్లింతే ఆంటీ, పరువు తీస్తారు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది, నేనేదో అరిచినట్టు. ఎదుటి మంచం చైనీస్ తాతకి నిన్న కొంచెం జ్వరం తగిలింది. వాళ్లమ్మాయి వచ్చి, మా నాన్న ఎప్పటిలా లేడు అని ఒక్క మాట అంది. మధ్యాహ్నానికల్లా స్కాన్‌కి తీసుకెళ్లారు. ఏమీ లేదని తేలిందట.

ఇక మా కోడలు దీక్షిత. గుంటూరు పిల్ల, బ్యాంకులో ఉద్యోగం, నోరు గట్టిది. ఈరోజు పొద్దున్న వచ్చి, మామయ్య పొట్ట ఉబ్బినట్టుంది అత్తయ్యా, చెమట పోస్తోంది అని, నేను వద్దంటున్నా కౌంటర్ దగ్గరికెళ్లి డాక్టర్ని పిలవమని గట్టిగా అడిగింది. వార్డంతా ఇటు తిరిగి చూసింది. ఒక కుర్ర డాక్టర్ వచ్చి పొట్ట నొక్కి, "నొప్పుందా అంకుల్?" అన్నాడు. మీ బావ నవ్వి, "జీరో" అన్నారు. అతను కాగితం మీద రాసుకుని, గ్యాస్ అయ్యుంటుంది, మామూలే అని వెళ్లాడు. దీక్షితని బయటికి తీసుకెళ్లి, మా ఇంట్లో గోల చేసే అలవాటు లేదమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని ఆఫీసుకి వెళ్లిపోయింది. కొంచెం గట్టిగానే అన్నానేమో. పోనీలే, తర్వాత సర్ది చెబుతాను.

మూడు నాలుగు రోజుల్లో ఇంటికెళతాం. నువ్వు లేకపోయినా నువ్వున్నట్టే ఉంది.

నీ అక్క

---

ఈపో
8 ఫిబ్రవరి 2024

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఈపాటికి బావ ఇంట్లో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ ఉంటారు. హమ్మయ్య అనుకున్నాను. నా మోకాలి ఆపరేషన్ కట్టు ఇంకా విప్పలేదు, లేకపోతే నేనే వచ్చేదాన్ని.

దీక్షిత విషయంలో నువ్వు చేసింది సరైన పని. ఈ కాలం పిల్లలకి ఆస్పత్రి అంటే హోటల్‌లాగా, గట్టిగా అడిగితే ముందు వడ్డిస్తారనుకుంటారు. ఒకసారి నర్సుల దగ్గర పేరు పోతే మళ్లీ రాదు. మళ్లీ వార్డుకి వెళ్లేటప్పుడు ఆ పిల్లని ఇంటి దగ్గరే ఉంచు.

బావకి మెత్తటి అన్నం, పలచటి చారు. పచ్చడి జోలికి వెళ్లనివ్వకు. నాది అసలే ఉప్పెక్కువ కదా.

మాలిని

---

ఆస్పత్రి నుంచి
11 ఫిబ్రవరి 2024

మాలినీ,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. చైనీస్ న్యూ ఇయర్ సెలవులు, పోస్టు ఎప్పుడు కదులుతుందో. హరి నీకు మెసేజ్ పెడతానంటే నేనే ఆపాను. మోకాలి మీద ఉన్నదానివి, కంగారు పడి బస్సెక్కుతావని.

మీ బావ ఇంటికి రాలేదు. పోయిన సోమవారం, అయిదో తారీఖు పొద్దున్న, నర్సు వచ్చి పలకరిస్తే మాట తడబడింది. నాడి గుర్రంలా పరిగెడుతోంది, బీపీ పడిపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. పేగు కలిపి కుట్టిన చోట విడిపోయి లోపలిదంతా పొట్టలోకి కారుతోందట. రెండు మూడు రోజుల నించే కారుతూ ఉండాలి అంది. అప్పటికప్పుడు తీసుకెళ్లి మళ్లీ కోశారు. ఇప్పుడు పొట్ట పక్కన మలం పట్టే ఒక సంచి, ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం. ఐసీయూలో ఉన్నారు. కళ్లు తెరవలేదు.

డాక్టరమ్మ మంచిదే. నా పక్కన కూర్చుని, "ఇలా కారితే నొప్పి భరించలేనంతగా ఉంటుందమ్మా, ఈయన షీటులో అన్నిచోట్లా సున్నాలే ఉన్నాయి, మాకు అర్థం కావడం లేదు" అంది. నేను కొంగున ముడేసిన ఆయన ఉంగరం తడుముకుంటూ కూర్చున్నాను.

పక్క మంచం లారీ డ్రైవర్‌కి కూడా అంతే అయిందట. ఆదివారం మళ్లీ ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. అతను అంతలా అరిచాడే, అతని సంగతీ ఆలస్యంగానే కనిపెట్టారు. అరిచేవాడు కదా, ఎప్పుడూ అరుస్తూనే ఉంటాడులే అనుకున్నారట. అరిచినవాణ్ణీ నమ్మలేదు, అరవనివాణ్ణీ నమ్మినట్టే నమ్మి వదిలేశారు. ఇద్దరిలో ఎవరు ఎలా ఉంటే బాగుండేదో నాకు తెలియడం లేదు.

హరి గోడకి ఆనుకుని నిలబడే ఉంటాడు. దీక్షిత నాతో మాట్లాడదు. అడిగినదానికి జవాబిస్తుంది, అంతే.

పుష్ప

---

ఈపో
18 ఫిబ్రవరి 2024

అక్కా,

నా పోయిన ఉత్తరం నీకు ఇలాంటి సమయంలో చేరి ఉంటుంది. చించి పారెయ్.

వాళ్లని వదలొద్దు. చైనీస్ తాతకి కాస్త జ్వరమొస్తే మధ్యాహ్నానికి స్కాన్. మన ఇద్దరు ఇండియన్లు మాత్రం పొట్టలో చీము పట్టేదాకా మంచం మీదే. ఇంకేం రుజువు కావాలి? సున్నా అంటే మాత్రం ఏం, నాడి చూడరా, జ్వరం చూడరా, పొట్ట రాయిలా ఉంటే చెయ్యి పెట్టి తెలుసుకోలేరా? డాక్టర్‌కి కళ్లెందుకు ఇచ్చాడు దేవుడు? హరిని కంప్లయింట్ రాయమను. పై ఆఫీసుకి, ఆ పైదానికి. నర్సుల పేర్లు, టైములు అన్నీ రాసి పెట్టుకో.

నువ్వు కూడా శని ఆదివారాలు అక్కడే ఉన్నావు కదా, ఎందుకు గట్టిగా అడగలేదక్కా? తప్పు పట్టడం లేదు. అడిగితే బాగుండేదని. నేనక్కడ ఉంటే వార్డు హడలగొట్టేదాన్ని.

నాకు రావాలనే ఉంది. డాక్టర్ ఇంకో నాలుగు వారాలు బస్సు వద్దన్నాడు. నేను రాలేదని నీ మనసులో ఉందేమో, చెప్పు.

మాలిని

---

టాంపినీస్
27 ఫిబ్రవరి 2024

మాలినికి,

నువ్వు రాలేదని నాకేమీ లేదు. మోకాలు చూసుకో.

మీ బావ కళ్లు తెరిచారు. మాట్లాడలేరు, గొంతుకి గొట్టం. మూత్రపిండాలకి మిషన్ పెట్టారు. మనిషి సగమయ్యారు. అరవై నాలుగేళ్ల మనిషిని ఎత్తి పక్కకి తిప్పితే పసివాడిలా ఉన్నారు.

ఎందుకు గట్టిగా అడగలేదని రాశావు. అది చదివి నీ ఉత్తరం మడిచి పెట్టేశాను. నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు అడగొద్దన్నావు కాబట్టి అడగలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్లొద్దన్నావు, వెళ్లలేదు. దీక్షిత వెళితే లాక్కొచ్చాను, దానికి నువ్వు మెచ్చుకుంటూ రాశావు కూడా. ఆయన పొట్ట పగిలిపోతున్నా సున్నా అన్నది నీ మాట మీదే. నీ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, చదవడం రాకపోయినా. అడిగినప్పుడల్లా జేబు తట్టి, "మీ చెల్లి ఆర్డరు" అని నవ్వేవారు. వార్డు హడలగొట్టేదాన్నంటున్నావే. ఆ మాట జనవరిలో రాయాల్సింది.

హరి కంప్లయింట్ రాశాడు. వాడికి నీ ఉత్తరాల సంగతి తెలియదు. చెప్పలేదు.

పుష్పవల్లి

---

ఈపో
7 మార్చి 2024

అక్కా,

నువ్వు రాసింది నిజం. సంజాయిషీ ఇచ్చుకోను. కానీ నేను ఆ సలహా ఎక్కడినించి తెచ్చానో నీకు తెలియాలి. అది ఎవరో చెబితే విన్నది కాదు.

వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి రోగులందరి గురించి అప్పజెప్పి వెళుతుంది. ఎవరికి ఏ మందు, ఎవరికి ఏ ఆపరేషన్. కాగితం మీద రాసేవి కొన్ని, నోటితో చెప్పేవి కొన్ని. నోటితో చెప్పే వాటిలో ఒకటి ఉండేది. "నాలుగో మంచం, ఇండియన్, తెలుసుగా" అని. అంతే. తెలుసుగా అంటే అవతలి మనిషికి అర్థమయ్యేది. ఆ మంచం గంట కొడితే ముందు వేరే మంచాలు చూసి వెళ్లొచ్చు. ఆ మంచం పది అంటే అయిదు అని రాసుకోవచ్చు. నేను రాశాను అక్కా. నా చేత్తో, పది అంటే అయిదని. ముప్పై ఒక్క ఏళ్లు. మొదట్లో చైనీస్ సిస్టర్లు అలా అంటే ఒళ్లు మండేది. తర్వాత నేనూ అన్నాను. నేను వాళ్లలాంటి దాన్ని కాదని చూపించుకోవడానికి మిగతావాళ్ల కంటే రెండాకులు ఎక్కువే అన్నాను. వార్డు సిస్టర్ అయ్యాక కొత్త పిల్లలకి నేనే నేర్పాను.

ఒకామె గుర్తుకొస్తోంది, పేరు తారాదేవి. పామాయిల్ తోట మనిషి, మన తెలుగామే. పేగు ఆపరేషన్ అయిన మూడో రోజు నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, లోపల ఏదో తెగింది" అంది. తెలుగులోనే అంది. నేను అందరి ముందు ఆమెకి మలయ్‌లో జవాబిచ్చాను, నేనూ తెలుగుదాన్నేనని తెలియడం ఇష్టం లేక. ఆమె పోయింది. అప్పుడు నేను ఏమనుకున్నానో చెప్పనా? ఇంటినించే ఆలస్యంగా వచ్చింది, షుగర్ ఉంది, మనవాళ్లింతే అనుకున్నాను. కాగితంలో కూడా అదే రాశారు.

ఆ వార్డు ఎలా నడుస్తుందో నాకు తెలుసు కాబట్టి, మా బావ అయినా దాన్ని దాటాలని నీకు ఆ దారి చెప్పాను. గోల అనే పేరు లేకపోతే బతుకుతారనుకున్నాను. ఆ పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నానన్న సంగతి మాత్రం రాయలేదు.

హరికి చెప్పు. నన్ను తిట్టమను. కంప్లయింట్‌లో నా పేరు కూడా రాసుకోమను.

మాలిని

---

ఈపో
20 ఏప్రిల్ 2024

అక్కా,

బావ పోయి, కార్యం అయి, నేను తిరిగొచ్చి మూడు వారాలైంది. కట్టుతోనే బస్సెక్కి వచ్చి, మార్చి పద్నాలుగు నించి పదమూడు రోజులు నీ పక్కనే పడుకున్నాను. వంటింట్లో మనిద్దరం వడియాల గురించి మాట్లాడుకున్నాం, నా మోకాలి గురించి మాట్లాడుకున్నాం, దీక్షితకి నెల తప్పిన సంగతి మాట్లాడుకున్నాం. ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. నా మార్చి ఉత్తరం నీకు చేరిందా లేదా అని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. బీరువాలో నీ చీరల కింద దాని కవరు కనిపించింది, చించి ఉంది. అంటే చదివావు.

మే 8న ఆస్పత్రివాళ్లు మిమ్మల్ని పిలిచారని హరి చెప్పాడు. కంప్లయింట్ మీద మాట్లాడడానికి. దీనితో పాటు నాలుగు కాగితాలు పంపిస్తున్నాను, ఇంగ్లీషులో రాశాను. నేను నర్సుగా ఏం చూశాను, ఏం రాశాను, ఏం నేర్పాను, బావకి ఏమని సలహా ఇచ్చాను, నువ్వు ఆయనకి చదివి వినిపించడం, ఆయన సున్నా అనడం, అన్నీ ఉన్నాయి. కింద సంతకం చేశాను. హరికి ఇవ్వు, వాళ్ల ముందు పెట్టమను. సున్నా అన్న మనిషి పొట్ట కూడా ఒకసారి నొక్కి చూడాలని, పది అన్న మనిషి మాట కూడా నమ్మాలని అక్కడ ఎవరో ఒకరు నేర్చుకుంటే చాలు. తర్వాత వచ్చే మనిషి అయినా మిగులుతాడు.

నాకింక చెయ్యడానికి వేరే ఏమీ లేదు.

మాలిని

---

టాంపినీస్
10 మే 2024

మాలినీ,

మొన్న వెళ్లొచ్చాం. చిన్న గది, నీళ్ల సీసాలు, టిష్యూ పెట్టె. డాక్టరమ్మ, ఇంకో పెద్దాయన, రాసుకోవడానికి ఒకమ్మాయి. మా వైపు నేను, హరి, దీక్షిత.

వాళ్లు పోట్లాడడానికి రాలేదే. నేను పోట్లాటకి సిద్ధపడి వెళ్లాను, అది ఉంటే తేలికయ్యేది. డాక్టరమ్మ క్షమాపణ చెప్పింది. శుక్రవారం దీక్షిత పిలిచినప్పుడే స్కాన్ చెయ్యాల్సింది అంది, ఆ పిల్ల వైపు చూసి మరీ. దీక్షిత తల దించుకుని బల్ల కింద నా చెయ్యి కోసం వెతికింది. నేను అందించలేకపోయాను. తర్వాత ఆ పెద్దాయన, మా వార్డు లెక్కలు తీసి చూశాం, పేగు ఆపరేషన్ తర్వాత ఇలా కారినప్పుడు ఇండియన్, మలయ్ రోగుల విషయంలో మేము ఆలస్యంగా కనిపెడుతున్నాం, ఎక్కువమంది పోతున్నారు, షుగరూ వయసూ అన్నీ తీసేసి చూసినా తేడా పోవడం లేదు, కారణం మాకు తెలియడం లేదు అన్నాడు. తెలియడం లేదు అని ఒక పెద్ద డాక్టర్ అంత సూటిగా అనడం నేను ఎప్పుడూ వినలేదు.

నీ నాలుగు కాగితాలు నా సంచీలో ఉన్నాయి. ఇంటి దగ్గర హరికి ఇవ్వలేదు. అక్కడ నా చేత్తోనే పెడదామని తీసుకెళ్లాను. ఒట్టు, పెడదామనే.

అప్పుడు డాక్టరమ్మ నన్ను అడిగింది. "ఆ శని ఆదివారాల్లో ఆయన మీతో మీ భాషలో నొప్పి గురించి ఏమైనా అన్నారా అమ్మా? మాకు చెప్పనిది ఇంట్లోవాళ్లకి చెబుతున్నారా అన్నది మాకు చాలా ముఖ్యం. ఎవరి తప్పని అడగడం లేదు." హరి నా వైపు తిరిగాడు.

నీకు ఒకటి చెప్పాలి. ఫిబ్రవరిలో మొత్తం నీ నెత్తిన వేసి రాశాను, నువ్వు మోశావు. మొత్తం నీది కాదు. ఆదివారం సాయంత్రం, లారీ డ్రైవర్‌ని తీసుకెళ్లాక, మీ బావ నా చెయ్యి పట్టుకున్నారు. "పుష్పా, కడుపులో నిప్పెట్టినట్టుందే. చెప్పీమంటావా?" అన్నారు. నలభై ఏళ్లలో ఆయన నన్ను అలా అడగడం అదొక్కసారే. నర్సు రెండు మంచాల అవతలే ఉంది, ఆ తమిళం పిల్లే. ఇన్ని రోజులు మంచివాళ్లమనిపించుకుని ఆఖర్న చెడడం ఎందుకనిపించింది. "రేపు పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ వస్తుంది కదండీ, అంతవరకు ఓర్చుకోండి" అన్నాను. సరేనన్నారు. నర్సు వచ్చి అడిగితే ఆయన నా మొహం చూసి, జీరో అన్నారు. నీ ఉత్తరం చూసి కాదు మాలినీ. నా మొహం చూసి.

డాక్టరమ్మ కాచుకుని ఉంది. నీ కాగితాలు బయటికి తీస్తే, చదివి వినిపించింది నేనని ఉంటుంది. ఆ తర్వాత హరి ఒక్కొక్కటే అడుగుతాడు, ఆదివారం దాకా వస్తాడు. వాడు వస్తాడు, నాకు తెలుసు.

"లేదమ్మా, నాతో ఏమీ అనలేదు" అన్నాను.

ఆ రాసుకునే అమ్మాయి రాసుకుంది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు అని. డాక్టరమ్మ నిట్టూర్చి, అయితే మేము అడిగినా లాభం ఉండేది కాదేమో అంది. పెద్దాయన తల ఊపాడు. రేపు ఇంకో ఇండియన్ పొట్ట ఉబ్బి మంచం మీద పడుకుంటే, వీళ్లు పెళ్లానికి కూడా చెప్పుకోరు, మనమేం చేస్తాం అనుకుంటారు. నేనే అలా అనుకునేలా చేశాను. అది తెలిసే చేశాను.

నీ కాగితాలు ఇంటికొచ్చి చించాను. మళ్లీ రాసి పంపకు. వాళ్లకి నేరుగా కూడా పంపకు, నా మీద ఏమైనా ప్రేమ ఉంటే. నీకు అన్యాయం చేస్తున్నానని తెలుసు. నువ్వు దింపుకోవాలనుకున్న బరువు మళ్లీ నీకే ఎత్తుతున్నాను.

బయటికొచ్చాక, లిఫ్టు దగ్గర హరి ఆగిపోయాడు. "నీకు కూడా చెప్పలేదా అమ్మా, నాన్న? అంతా ఒక్కరే భరించారా?" అని నా భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. ముప్పై ఆరేళ్ల వాడు. నేనూ ఏడ్చాను. అప్పుడు వాడు కళ్లు తుడుచుకుని, నీ తప్పేం లేదమ్మా, నీకెలా తెలుస్తుంది అని నన్ను ఓదార్చాడు. ఓదార్పించుకున్నాను.

పుష్పవల్లి